మోకు పట్టాకే కుదిరిన పాట

మేం ఉండేది ఇంగ్లండ్‌కి నైరుతి కొసన, కార్న్‌వాల్‌లోని ఫాల్మత్ అనే రేవు పట్టణంలో. ఏటా జూన్‌లో ఇక్కడ షాంటీల పండుగ జరుగుతుంది. తెరచాప ఓడల కాలంలో నావికులు తాళ్లు లాగుతూ, లంగరు ఎత్తుతూ, ఓడలో చేరిన నీళ్లను పంపులతో తోడుతూ పాడుకున్న పాటలే షాంటీలు. 2003లో చిన్నగా మొదలైన పండుగ ఇది. ఇప్పుడు విదేశాల నుంచి కూడా బృందాలు వస్తున్నాయి. టికెట్ ఉండదు. రేవు గట్ల మీద, పబ్బుల ముందు, ఊరి మధ్య చౌకులో ఎక్కడ చోటుంటే అక్కడ నిలబడి పాడతారు. సముద్రంలో ఆపదలో చిక్కుకున్నవాళ్లను కాపాడే ఆర్.ఎన్.ఎల్.ఐ. లైఫ్‌బోట్ సంస్థ కోసం బకెట్లు పట్టుకుని విరాళాలు పోగుచేస్తారు.

పాడేవాళ్లలో ఎక్కువమంది తెల్లగడ్డాల పెద్దవాళ్లే. మా అమ్మాయి చేరిన బృందంలో మాత్రం అందరూ తొమ్మిదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు. వేసవి సెలవులు అయ్యాక చేరింది. మరుసటి జూన్‌లో ఆ పండుగలో పాడేదాకా నేనూ వాళ్ల వెంటే ఉన్నాను, మొదట అమ్మాయిని దింపడానికి వచ్చే తల్లిగా, తర్వాత సహాయకురాలిగా. పిల్లలకు ఈ పాటలు ఎలా వచ్చాయో దగ్గరుండి చూశాను కాబట్టి అది వివరంగా రాయాలనిపించింది.

చేరడానికి ఆడిషన్ ఏమీ లేదు. వారానికి ఒక సాయంత్రం, బడి అయ్యాక, ఒక పాత హాల్లో ప్రాక్టీసు. టీచర్ చాలా ఏళ్లు స్కూళ్లలో సంగీతం చెప్పిన ఆవిడ. పెద్దవాళ్ల షాంటీ బృందంలో తనూ పాడుతుంది. మొదటి రోజు "మీకు వచ్చిన షాంటీ ఏదైనా పాడండి" అంటే, సగం మంది పిల్లలు ఒక్కసారే 'వెల్లర్‌మన్' ఎత్తుకున్నారు. నేథన్ ఎవాన్స్ అనే స్కాట్లండ్ పోస్ట్‌మ్యాన్ 2020 డిసెంబర్ చివర్లో టిక్‌టాక్‌లో పాడితే, 2021 జనవరిలో ప్రపంచమంతా ఊగిపోయిన పాట అది. ఆవిడ మధ్యలో ఆపలేదు. చివరిదాకా పాడించి, తర్వాత నింపాదిగా చెప్పింది. అది న్యూజిలాండ్ తిమింగలాల వేటగాళ్ల పాట. వెల్లర్ సోదరులు 1831లో ఒటాగోలో వేట స్థావరం పెట్టారు. వాళ్ల ఓడ సరుకులు ఎప్పుడు తెస్తుందా అని ఎదురుచూసే పాట. పని లేనప్పుడు కూర్చుని పాడుకోవడానికి బాగుంటుంది కానీ దాంతో తాడు లాగలేరు. "మనం తాడు లాగే పాటలు నేర్చుకుందాం" అంది. పిల్లలకు అప్పటికి ఆ తేడా అర్థం కాలేదు. నాకూ పూర్తిగా తెలియలేదు.

షాంటీలు పుట్టింది పాడి వినిపించడానికి కాదు. పందొమ్మిదో శతాబ్దంలో సరుకు ఓడల యజమానులు ఎంత తక్కువ మందితో వీలైతే అంత తక్కువ మందితో ఓడ నడిపించేవాళ్లు. 1869లో నీళ్లలోకి దిగిన కట్టీ సార్క్ లాంటి పెద్ద ఓడలో ఉండేది సుమారు ముప్పై మందే. అందులోనూ ఒక సమయంలో సగం మంది నిద్రలో ఉంటారు. మిగిలిన కొద్దిమంది బలం ఒకే క్షణంలో ఒకే తాడు మీద పడాలి. ఆ క్షణం ఏదో చెప్పేది పాటే. రాయల్ నేవీ యుద్ధనౌకల్లో మనుషులు వందల్లో ఉండేవారు, పని నిశ్శబ్దంగా జరగాలన్నది అక్కడి పద్ధతి. అందుకే షాంటీలు పెరిగింది సరుకు ఓడల మీద. పాట మంచిదైతే తాడు మీద పది మంది అదనంగా ఉన్నట్టే అని నావికులు అనుకునేవారట.

ఏ పనికి ఆ పాట. తెరచాప వేలాడే అడ్డకర్రను ఓడ నిలువు స్తంభం పైకి ఎత్తే తాడును హాల్యార్డ్ అంటారు. ఎత్తడానికి చాలాసేపు పడుతుంది. అందుకని 'బ్లో ద మ్యాన్ డౌన్' లాంటి పాటల్లో ముందు పాడేవాడు ఒక పంక్తి పాడతాడు, అంతసేపూ మిగతావాళ్లు ఊపిరి తీసుకుంటారు. వంతపాట వచ్చినప్పుడు రెండుసార్లు లాగుతారు. చివర్లో తాడును బిగించడానికైతే ఒక్క గట్టి లాగుడు చాలు. 'హాల్ ఆన్ ద బోలైన్'లో ఆ లాగుడు చివరి మాట మీద పడుతుంది, ఆ మాట పాటలా కాకుండా అరుపులా వస్తుంది. లంగరు ఎత్తేది క్యాప్‌స్టాన్‌తో. నిలువు ఇరుసుకి కర్రలు దూర్చి, గానుగ చుట్టూ తిరిగినట్టు దాని చుట్టూ నడుస్తూ తోస్తారు. అక్కడ ఆగి లాగడం ఉండదు, నడకే. అందుకని 'సౌత్ ఆస్ట్రేలియా' లాంటి క్యాప్‌స్టాన్ పాటలు సాగుతూ ఉంటాయి, వాటికి పల్లవులూ పెద్దవి. తాడు భుజాన వేసుకుని డెక్ మీద ధనధన అడుగులు వేస్తూ పోవడానికి 'డ్రంకెన్ సెయిలర్'. ఇవన్నీ టీచర్ ఒక్కరోజులో చెప్పలేదు. ఒక్కో పాటా నేర్పుతూ చెప్పుకొచ్చింది.

మొదటి రెండు నెలలు పిల్లలు చాలా అందంగా పాడారు. చిక్కు అక్కడే వచ్చింది. వాళ్లలో చాలామంది స్కూలు క్వయర్‌లోనో చర్చి క్వయర్‌లోనో పాడినవాళ్లు. శ్రుతి తప్పదు, మాట స్పష్టం, పంక్తి చివర గొంతు మెల్లగా తగ్గించి ముగిస్తారు. క్వయర్‌లో ఇంకో అలవాటు నేర్పుతారు: అందరూ ఒకేచోట ఊపిరి తీసుకుంటే పాటలో ఖాళీ వినిపిస్తుంది కాబట్టి ఒకరి తర్వాత ఒకరు దొంగచాటుగా తీసుకోవాలి. ధ్వని ఎక్కడా తెగదు. వినడానికి నిజంగా హాయిగా ఉంటుంది. టీచర్ మాత్రం తల అడ్డంగా ఊపుతూనే ఉండేది. "బాగుంది, కానీ దీంతో తెరచాప లేవదు" అనేది. ఏం మార్చాలో పిల్లలకు తెలియక కొందరు ఊరికే గట్టిగా అరవడం మొదలుపెట్టారు. గొంతులు బొంగురుపోయాయి. అది కూడా కాదు అంది ఆవిడ.

ఓడల తాళ్ల పని చేసి రిటైరైన ఒకాయన్ని ఆవిడ పిలిపించింది. ఆయన మణికట్టంత లావున్న మోకు, రెండు పెద్ద చెక్క కప్పీలు తెచ్చారు. హాలు వెనక పెరట్లో గట్టి దూలానికి కప్పీ బిగించి, రెండో చివర నీళ్లు నింపిన పీపాలు కట్టారు. పిల్లలను వరుసలో నిలబెట్టి, పాట లేకుండా ముందు ఊరికే లాగమన్నారు. ఒకళ్లు ముందు, ఒకళ్లు వెనక లాగారు. తాడు చేతుల్లోంచి జారింది, పీపాలు జానెడు లేచి మళ్లీ నేల మీద కూలబడ్డాయి. చిన్నపిల్లలు అరిచేతులు చూసుకుంటున్నారు.

తర్వాత 'హాల్ ఆన్ ద బోలైన్' మొదలుపెట్టించారు. పంక్తి పాడుతున్నంతసేపూ తాడు మీద చేతులు సర్దుకోవాలి. చివరి మాట దగ్గర అందరూ వెనక్కి వాలాలి. మొదటిసారి కుదరలేదు. మూడో నాలుగో చరణానికి పీపాలు ఒక్కసారిగా పైకి లేచాయి. ఆ మాట పలికిన తీరు కూడా అప్పుడే మారిపోయింది. గొంతులోంచి కాకుండా పొట్టలోంచి వచ్చింది. ఎవరూ నేర్పలేదు. బరువు లాగుతుంటే శరీరం అలాగే పలుకుతుంది. ఊపిరి వదిలేటప్పుడే లాగగలం, లాగాక అందరికీ ఒకేసారి ఊపిరి కావాలి. ఆ ఖాళీలో ముందు పాడేవాడు తర్వాతి పంక్తి అందుకుంటాడు. క్వయర్‌లో దాచిపెట్టమన్న ఊపిరి ఇక్కడ పాటలో భాగం. రెండు నెలలుగా టీచర్ చెప్పాలని చూస్తున్నది ఒక పావుగంటలో తాడు చెప్పేసింది.

నేను ఆ పెరట్లో గోడకి ఆనుకుని చూస్తున్నాను. మా అమ్మమ్మ వాళ్లది భీమిలి. అక్కడ తీరంలో అలివి వల లాగడం చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. వలను తెప్ప మీద తీసుకెళ్లి సముద్రంలో పెద్ద వంపుగా వదులుతారు. దాని రెండు కొసల మోకులూ ఒడ్డున రెండు గుంపుల చేతుల్లో ఉంటాయి. ఒక ముసలాయన పంక్తి ఎత్తుకుంటే, మిగతావాళ్లు "హైలెస్సా" అంటూ మడమలు ఇసకలో తన్నిపెట్టి వెనక్కి వాలేవారు. విశాఖ పోర్టులో కళాసీలు బరువులు జరిపేటప్పుడు కూడా అలాంటి కేకలే విన్నాను. తర్వాత చాలా ఏళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నా, ఆ కేకలను సంగీతమని ఎప్పుడూ అనుకోలేదు. ఎవరూ అనలేదు కూడా. ఆ సాయంత్రం ఈ సంగతి టీచర్‌తో చెబితే, ఆవిడ నన్ను ముందుకు పిలిచి, ఆ కేక ఎక్కడ మొదలై ఎక్కడ లాగుడు పడుతుందో పిల్లలకు చూపించమంది. చూపించాను. మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. ఇంటికొచ్చే దారిలో "అమ్మా, అమ్మమ్మ వాళ్ల ఊరి పాట నాకెప్పుడూ చెప్పలేదేం?" అని అడిగింది. అప్పటినుంచి నేను దింపేసి వెళ్లిపోవడం మానేసి, ప్రాక్టీసు అయ్యేదాకా ఉండేదాన్ని.

ఇంకో సంగతి నాకు చాలా ఆనందం కలిగించింది. 'డ్రంకెన్ సెయిలర్' నేర్చుకుంటున్నప్పుడు ఆ స్వరాలు ఎక్కడో విన్నట్టుందని మనసులో సరిగమల్లో పాడి చూసుకున్నాను. వాళ్లు డోరియన్ అనే స్వరక్రమం అది. మన ఖరహరప్రియ స్వరాలే. టీచర్ అడిగితే ఆరోహణ, అవరోహణ పాడి వినిపించాను. పిల్లలు రెండుసార్లు విని సరిగమలు అందుకున్నారు. రాగం అంటే స్వరాల వరుస ఒక్కటే కాదు, గమకాలు లేకుండా అది ఖరహరప్రియ అవదు, అదీ వాళ్లకు చెప్పాను. అయినా గొంతు సవరించుకోవడానికి ప్రాక్టీసు మొదట్లో సరిగమలు పాడటం ఆ బృందానికి అలవాటైపోయింది.

శ్రుతి విషయంలో మాత్రం కొంచెం కష్టపడాలి. పెద్ద మగవాళ్లు పాడే శ్రుతి పిల్లలకు మరీ కింద ఉంటుంది. పైకి జరిపితే పదమూడు, పద్నాలుగేళ్ల మగపిల్లలకు ఇబ్బంది. వాళ్లకు గొంతు మారే వయసు. మా బృందంలో అలాంటి అబ్బాయి ఒకడున్నాడు. అంతకుముందు చర్చి క్వయర్‌లో పై గొంతు పాడేవాడట. గొంతు పగలడం మొదలయ్యాక అక్కడ మానేశాడు. ఇక్కడికొచ్చి వెనక వరుసలో నిలబడి పెదాలు కదిపేవాడు. షాంటీల్లో 'హిచ్' అని ఒకటుంది. పంక్తి మధ్యలో గొంతును కావాలనే పగలగొట్టి పైకి ఎగరేసే చిన్న కేక. ఆ కేకలు వేయడంలో నల్లజాతి నావికులను మించినవాళ్లు లేరని స్టాన్ హుగిల్ రాశాడు. ఓడ మీద నిజంగా షాంటీలు పాడించిన చివరితరం మనిషి ఆయన. 1929లో కేప్ వెర్డ్ దగ్గర మునిగిన గార్త్‌పూల్ ఓడ మీద పనిచేశాడు. ఆ తర్వాత వేల్స్‌లోని అబర్‌డోవీలో కుర్రాళ్లకు ఓడ పనులు నేర్పే బడిలో చాలా ఏళ్లు సరంగుగా ఉన్నాడు. టీచర్ హిచ్ గురించి చెప్పి, అందరినీ ప్రయత్నించమంటే మిగతా పిల్లలు బాగా తంటాలు పడ్డారు. ఆ అబ్బాయికి మొదటిసారే వచ్చేసింది. ఆ రోజు నుంచి వాడు ముందు వరుసకి వచ్చాడు.

ముందు పాడేవాడిని షాంటీమ్యాన్ అంటారు. ఎవరిని నిలబెట్టాలన్న దగ్గర పిల్లల్లో కాస్త టెన్షన్ మొదలైంది. మంచి గొంతున్న ఇద్దరు ముగ్గురు తమకే వస్తుందనుకున్నారు. టీచర్ అందరికీ వంతులు పెట్టింది, అదీ తాడు దగ్గరే. షాంటీమ్యాన్ కళ్లు తాడు మీద ఉండాలి. లాగేవాళ్లు అలసిపోతే వేగం తగ్గించాలి, ఉత్సాహం పడిపోతే నవ్వించే చరణం వేయాలి. పని అయిపోతే చరణం మధ్యలోనైనా ఠక్కున ఆపేయాలి. పని ఇంకా మిగిలి, చరణాలు అయిపోతే అప్పటికప్పుడు కట్టాలి. అందుకే ఈ పాటలకు ఇదే సరైన పాఠం అని ఒకటి లేదు. పిల్లలు కట్టిన చరణాలు నాకు ఎంతో నచ్చాయి. సెయింట్ మాస్ వెళ్లే ఫెర్రీ తప్పిపోవడం, చేతిలో పాస్టీని (లోపల మాంసం, కూర పెట్టి కాల్చే ఇక్కడి తినుబండారాన్ని) సీగల్ ఎత్తుకుపోవడం, లెక్కల హోంవర్క్. 'లీవ్ హర్ జానీ' ప్రయాణం చివరి రోజున పంపు దగ్గర పాడే పాట. నెలల తరబడి నోరు మూసుకున్న నావికులు తిండి మీద, కెప్టెన్ మీద ఉన్న కోపమంతా అందులో వెళ్లగక్కేవారు. పిల్లలు అందులో స్కూలు భోజనం గురించి చరణాల మీద చరణాలు కట్టారు. చివరికి ఎక్కువ పాటలకు షాంటీమ్యాన్‌గా నిలబడింది గొంతు పగిలిన ఆ అబ్బాయి, పదకొండేళ్ల ఒక అమ్మాయి. ఆ అమ్మాయి గొంతు పెద్దదేమీ కాదు. తాడు పట్టుకున్నవాళ్ల ముఖాలు చూస్తూ పాడుతుంది.

పాటల మాటల విషయంలో తల్లిదండ్రుల సమావేశం ఒకటి జరిగింది. తాగుడు మాటలున్న పాటలన్నీ తీసేయాలని ఒక తండ్రి, అలా తీసేస్తే ఏం మిగులుతుందని ఒక తల్లి. షాంటీల్లో బూతులు బాగా ఉండేవి. సేకరించి అచ్చు వేసినవాళ్లే వాటిని చాలావరకు మార్చేశారు. హుగిల్ కూడా మార్చాడు. బూతు పాటలు పిల్లలకు వద్దన్న దగ్గర ఎవరికీ పేచీ లేదు. అసలు మాట్లాడాల్సింది ఇంకోటుంది. చాలా షాంటీల పాత పాఠాల్లో నల్లజాతి వాళ్లను కించపరిచే మాటలు ఉన్నాయి. మరోవైపు ఈ పాటలు ఇంతగా పెరగడానికి కారణమైనవాళ్లలో ఆ నల్లజాతి కార్మికులే ముఖ్యులు. అమెరికా దక్షిణాన మొబీల్, న్యూ ఆర్లీన్స్ రేవుల్లో పత్తి బేళ్లను జాక్‌స్క్రూలతో, అంటే మర తిప్పి గట్టిగా నొక్కే పనిముట్లతో, ఓడ కడుపులో కూరేవాళ్లు. ఆ పనికి వాళ్లు పాడిన పాటలు, ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకునే ఆ పద్ధతి, అక్కడ కలిసి పనిచేసిన తెల్ల నావికుల ద్వారా ఓడలెక్కి లోకమంతా తిరిగాయి. కరీబియన్ దీవుల నుంచి కూడా ఎన్నో వచ్చాయి.

టీచర్ నిర్ణయం ఇది: కించపరిచే మాటలు ఏ వయసు పిల్లలూ పాడరు, ఆ మాటలు తీస్తే నిలవని పాటను పక్కన పెట్టేస్తాం. కానీ పన్నెండేళ్లు దాటిన పిల్లలకు ఎందుకు తీశామో చెబుతాం. నాకు ఇది సరైన పద్ధతే అనిపించింది, ఇప్పటికీ అదే అభిప్రాయం. మాటలు మార్చి, చరిత్ర చెప్పకుండా పాడిస్తే, ఇవన్నీ గడ్డాల ఆంగ్లేయులు సరదాగా కట్టుకున్న పాటలని పిల్లలు అనుకుంటారు. ఆ పాఠం చెప్పిన రోజు పిల్లలు చాలా ప్రశ్నలు అడిగారు. బానిసలుగా ఉన్నవాళ్లు పాడుకున్నారంటే సంతోషంగా ఉన్నారని కాదు కదా అని ఒక పిల్లవాడు అడిగాడు. టీచర్ ఆ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగింది. మా అమ్మాయి ఇండియా నావికుల గురించి అడిగింది. బ్రిటిష్ ఓడల్లో వేలకొద్దీ పనిచేసిన లస్కర్ల గురించి, మన కోరంగి రేవు గురించి నేను చెప్పాను. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారని, 1839 తుపానుకి ఆ ఊరు నాశనమైందని వింటుంటే పిల్లలు మ్యాప్‌లో వెతికి చూసుకున్నారు.

వసంతంలో అందరినీ బస్సులో సోమర్సెట్‌లోని వాచెట్‌కి తీసుకెళ్లారు. జాన్ షార్ట్ అనే నావికుడి ఊరు అది. అందరూ యాంకీ జాక్ అనేవారు. 1839లో పుట్టాడు, 1933 దాకా బతికాడు. 1914లో సెసిల్ షార్ప్ అనే సేకర్త వెతుక్కుంటూ వచ్చి ఆయన దగ్గర యాభైకి పైగా షాంటీలు రాసుకున్నాడు. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. రేవు ఒడ్డున ఆయన విగ్రహం ఉంది. పిల్లలు దాని చుట్టూ చేరి పాడారు. వర్షం వచ్చి తొందరగా తిరుగుముఖం పట్టాం.

పండుగలో పాడాలంటే కాగితాల పని కూడా ఉంది. పిల్లలతో పనిచేసే పెద్దవాళ్లకు ఇక్కడ డీబీఎస్ అనే పోలీసు రికార్డుల తనిఖీ ఉంటుంది. కౌన్సిల్ దగ్గర చాపరోన్ లైసెన్సు కూడా తీసుకున్నాను. అంటే ప్రదర్శన రోజున పిల్లల బాధ్యత చూసే మనిషి. ఒక చాపరోన్ పన్నెండు మంది పిల్లల కంటే ఎక్కువ మందిని చూడకూడదు. మన పిల్లలు ఇక్కడ ఇలాంటి బృందాల్లో ఉంటే తల్లిదండ్రులు ముందే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది, టైమ్ పడుతుంది.

పాడే రోజు మాకు చోటు ఇచ్చింది నీళ్ల పక్కనే. ఆ నీళ్లకీ ఈ పాటలకీ నేరుగా సంబంధం ఉంది. ఆస్ట్రేలియా నుంచి గోధుమలతో బయల్దేరిన ఓడలకు సరుకు ఏ రేవులో దింపాలో ముందు తెలిసేది కాదు. "ఆర్డర్ల కోసం ఫాల్మత్" అని కాగితాల్లో రాసుకుని వచ్చి ఇక్కడ లంగరు వేసేవారు. సరుకు మోస్తూ దక్షిణ అమెరికా దక్షిణ కొసనున్న కేప్ హార్న్‌ను చుట్టిన చివరి తెరచాప ఓడ పామిర్ కూడా 1949లో 128 రోజులు ప్రయాణించి చేరింది ఫాల్మత్‌కే. కట్టీ సార్క్ 1922 నుంచి 1938 దాకా ఈ రేవులోనే ఉంది. బయల్దేరే ముందు టీచర్ ఇవన్నీ గుర్తుచేసి, "అటు తిరిగి పాడండి" అని నీళ్లవైపు చూపించింది.

మైకు పెట్టలేదు. గాలి ఎదురు కొడుతోంది, సీగల్స్ గోల. హాల్లో గోడలు తిరిగి ఇచ్చే ధ్వని ఇక్కడ లేదు. మొదటి పాట సగం గాలికి పోయింది. రెండో పాట నుంచి ఆ పదకొండేళ్ల అమ్మాయి ఒక అడుగు ముందుకేసి, పంక్తి చివర నిలపకుండా టక్కున వదిలేయడం మొదలుపెట్టింది. వెంటనే మిగతావాళ్లు అందుకోవాల్సి వచ్చింది. ఖాళీ లేకపోయేసరికి పాట నిలబడింది. వంతపాటలో ఒకవైపు పిల్లల సన్నని గొంతులు, ఇంకోవైపు పక్కన తమ వంతు కోసం చూస్తున్న పెద్దవాళ్ల బృందాలు. వాళ్లు అడక్కుండానే కింది గొంతుల్లో కలిశారు. షాంటీల్లో వినేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు అన్నది ఉండదు. వంతపాట వచ్చిన ప్రతివాళ్లూ తాడు పట్టినట్టే. 'హాల్ అవే జో'లో లాగుడు పడే మాటకి ముందువరుసలో ఉన్న ఒక ముసలావిడ కూడా చేతులు ముందుకు చాపి వెనక్కి లాగడం చూశాను. గొంతు పగిలిన అబ్బాయి హిచ్ వేసినప్పుడు జనం కేకలు పెట్టారు. నేను పన్నెండు మందినీ లెక్కపెట్టుకుంటూ, ఆ గోలలోనే పాడుతూ ఉన్నాను. ఊరుకోవడం సాధ్యం కాలేదు.

చివరికి 'సౌత్ ఆస్ట్రేలియా' పాడారు. జనం చప్పట్లకి పిల్లలకు హుషారెక్కి చరణం చరణానికీ వేగం పెంచేశారు. అందరికీ నచ్చింది. దిగాక ఒక పెద్దాయన, ఎన్నో ఏళ్లుగా ఈ పండుగలో పాడుతున్నవాడు, పిల్లల దగ్గరికి వచ్చి ఒక్కొక్కళ్లనీ మెచ్చుకున్నాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి, "ఆ క్యాప్‌స్టాన్ పాట మాత్రం ఇంకా నెమ్మదిగా పాడాలి, పాప. లంగరు బరువుగా ఉంటుంది, గొలుసు పొడుగ్గా ఉంటుంది. మొదటి పావుగంటలోనే పరిగెడితే ఆ తర్వాత తోసేదెవరు?" అన్నాడు.

వేసవి సెలవులు అయ్యాక ప్రాక్టీసు మళ్లీ మొదలైంది. టీచర్ హాలు మధ్య బరువైన పెద్ద బల్ల పెట్టి, నాలుగు వైపులా చీపురు కర్రలు కట్టించింది. పిల్లలు దాన్ని తోస్తూ గుండ్రంగా తిరుగుతూ పాడుతున్నారు. ఎంత నెమ్మదిగా పాడాలన్న దాని మీద ఇంకా వాదన నడుస్తోంది. సగం మందికి పండుగలో పాడిన వేగమే ఇష్టం, మా అమ్మాయి వాళ్లతోనే ఉంది. నేను పెద్దాయన పక్షం. బల్ల తోస్తూ పాడినప్పుడల్లా ఆ పాట దానంతటదే నెమ్మదిస్తోంది, కొత్తగా చేరిన తొమ్మిదేళ్ల పిల్లలకు కూడా.